ఫోను మామకే

జయరాం తన పెళ్లి సంబంధం తానే వెళ్లి అడిగాడు. మిలిటరీలో పనిచేస్తూ దీపావళికి సెలవు మీద వచ్చినవాడు, యాడికి ఊళ్లో ఎవరిదో పెళ్లిలో చౌడేశ్వరిని చూశాడు. మరునాడే తన ఊరు గుత్తి నుంచి బస్సెక్కి వచ్చి, చేలో శనక్కాయ కట్టెను వామిగా పేరుస్తున్న ఆమె తండ్రి రామప్ప ముందు నిలబడ్డాడు. వెంట పెద్దలు లేరు, పూలూ పండ్లూ లేవు.

"మామా, మీ చౌడేశ్వరిని చేసుకోవల్లని ఉండాది. ముందు ఆ అమ్మిని అడుగు. ఆమె సరేనంటేనే మావాళ్లను పిల్చుకొస్తా."

ఇంత సూటిగా అడిగినవాడిని రామప్ప ఎన్నడూ చూడలేదు. ఇంటికెళ్లి కూతుర్ని అడిగాడు.

"ఆయనే వచ్చి అడిగినాడు గదా నాయనా, నాకిష్టమే" అంది చౌడేశ్వరి.

వచ్చే సెలవుకు పెద్దలతో రమ్మని రామప్ప కబురు పెట్టాడు. ఆ సెలవు రాలేదు. చలికాలంలో ఢిల్లీలో పార్లమెంటు మీద దాడి జరిగి, సైన్యమంతా సరిహద్దుకు కదిలింది. జయరాం రాజస్థాన్ ఇసుకలో గుడారం వేసుకున్నాడు. యుద్ధం రేపో మాపో అని ఊరంతా అనుకుంటుంటే రామప్ప గుండె జారింది. ఊళ్లో ఖలీల్ నడిపే ఎస్టీడీ బూత్‌కు జయరాం ఫోన్ చేసి తనను పిలిపించినప్పుడు ఆ భయమే చెప్పేశాడు.

"ఏమీ అనుకోవద్దప్పా. యుద్ధానికి పోయినోనికి పిల్లనెట్లా ఇచ్చేది?"

"నువ్వనేది న్యాయమే మామా. మంచి సంబంధమొస్తే చేసెయ్యి, నేను అడ్డం రాను. అంతవరకూ ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తా. అమ్మితో వద్దులే, నీతోనే మాట్లాడతా."

రామప్ప సరేనన్నాడు.

అప్పటినుంచి ఆదివారం సాయంత్రం రామప్ప బూత్‌కు వెళ్లేవాడు. కొన్నాళ్లకు చౌడేశ్వరి కూడా వెంట వచ్చి అద్దాల తలుపుకు ఆనుకుని నిలబడేది. ఫోను మాత్రం తండ్రి చేతిలోనే. పెళ్లికాని పిల్ల మగపిల్లవాడితో ఫోన్లో మాట్లాడటం ఆయనకు సరిపడదు. జయరాం ఆ హద్దు ఎన్నడూ దాటలేదు. ఎద్దుల సంగతి, బోరులో నీళ్ల సంగతి అడిగి, చివర్న మాత్రం, "అమ్మి బాగుండాదా మామా?" అనేవాడు.

"బాగుండావా అంటాండాడు" అని రామప్ప పక్కకు తిరిగి చెప్పేవాడు.

"బాగుండానని చెప్పు నాయనా. కాళ్లు పగిలినాయంట గదా, ఆముదం పూసుకోమని చెప్పు."

"ఆముదం పూసుకోమంటాండాదప్పా" అనేవాడు రామప్ప, ఎటో చూస్తూ. ఖలీల్ నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయేవాడు.

క్యాంపులో ఫోను దగ్గర పెద్ద క్యూ. బళ్లారి పక్కవాడు తిప్పేష్ అని జయరాం స్నేహితుడు, అతని కోసం అందులో చోటు పట్టి ఉంచేవాడు. ఒక్కోసారి రిసీవర్ లాక్కుని, "ఏం మామా, ఇంకా ఒప్పుకోలేదా? వీని గోల పడలేకుండా ఉండాం!" అని అరిచేవాడు. రామప్ప కసురుకునేవాడు గాని, ఆ అరుపు వినపడని వారం ఏదో వెలితిగా ఉండేది.

ఈలోగా తాడిపత్రి నుంచి ఒక సంబంధం వచ్చింది. బండల పాలిష్ ఫ్యాక్టరీలో వాటా ఉన్నవాళ్లు. రామప్ప దాచకుండా జయరాంకు చెప్పాడు.

"పిల్లోడు తాగడు గదా మామా? బాగా కనుక్కో" అన్నాడు జయరాం.

ఆ మాట విన్నాక రామప్పకు తాడిపత్రి వెళ్లబుద్ధి పుట్టలేదు.

వేసవి పోయింది. వానల్లేక విత్తనానికి పదును కాలేదు. ఒక ఆదివారం ఫోను కూడా రాలేదు. తండ్రీకూతుళ్లు చీకటి పడేదాకా కూర్చుని, ఇంటికి నడిచారు. పై ఆదివారం ఫోను మోగింది. గొంతు జయరాందే గాని, గుర్తుపట్టేలా లేదు.

"మందుపాతర పేలింది మామా. తిప్పేష్ పోయినాడు. నేను పక్కనే ఉంటి. నువ్వు ముందు చెప్పిందే నిజం. తాడిపత్రి వాళ్లకు మాటిచ్చెయ్యి. ఇంక నేను ఫోన్ చెయ్యను."

ఒకప్పుడు రామప్ప వినాలనుకున్న మాటే అది. ఇప్పుడు చెవిలో నిప్పులు పోసినట్టయింది. విన్నదంతా కూతురికి చెప్పి, ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు మాట్లాడమ్మీ. నా వల్ల కాదు."

చౌడేశ్వరి రిసీవర్ చెవికి ఆనించుకుంది.

"నేను, చౌడేశ్వరిని. అడిగేటప్పుడు ముందు నన్నడగమంటివి. వద్దనేటప్పుడు నన్నడగవా?"

ఆ వెంటనే తిప్పేష్ గురించి అడిగింది.

"ఆయప్పకు అమ్మ ఉండాదా?"

"ఉండాది" అన్నాడు జయరాం. ఆ పైన ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏడువు. ఈడ ఎవురూ ఏమనుకోరు" అంది చౌడేశ్వరి. అతను తేరుకునేదాకా ఆగింది. "నువ్వొచ్చినాక ఆయమ్మను చూసొద్దాం. మళ్లీ ఆదివారం చెయ్యి. నేనే ఎత్తుతా."

రామప్ప బయటికొచ్చి ఖలీల్ పక్కన బెంచీ మీద కూర్చుని, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తన కూతురు ఇంత మనిషెప్పుడైందో ఆయనకు తెలియనే లేదు.

ఆ ఏడు ఆలస్యంగా వేసిన శనక్కాయకు విత్తనం గింజలు కూడా తిరిగి రాలేదు. సైన్యం మాత్రం వెనక్కి మళ్లింది. చలికాలంలో జయరాం సెలవు మీద వచ్చి, పెద్దలతో కలిసి రామప్ప ఇంటికి వచ్చాడు. తాంబూలాలు మార్చుకున్న మరునాడే అతనూ, చౌడేశ్వరీ, రామప్పా బళ్లారి బస్సెక్కారు.

తిప్పేష్ తల్లి వాకిట్లో రాగులు చెరుగుతోంది. జయరాం ఆమె ముందు నేల మీద కూర్చుని, ఆమె కొడుకు క్యాంపులో చేసిన అల్లరంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. అందరికీ రొట్టెలు కాల్చబోయి మాడ్చిన సంగతి చెప్పినప్పుడు ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగు నోట కుక్కుకుంది. జయరాం ఆమె చేతులు వదల్లేదు. పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చున్నాడు. రామప్ప దూరంగా నిలబడి, ఆ చేతులకేసే చూస్తూ ఉండిపోయాడు.

మాఘంలో పెళ్లయింది. తాగడానికి నీళ్లు ట్యాంకరులో తెప్పించారు. ఏడాది తిరిగాక జయరాంకు క్వార్టర్ దొరికితే, గుత్తి స్టేషన్‌లో ఇద్దర్నీ రైలెక్కించి రామప్ప ఒక్కడే తిరిగొచ్చాడు. ఇల్లు బోసిగా కనిపించి దిగులు పడ్డాడు గాని, కూతుర్ని గురించి మాత్రం ఆయనకు భయం వెయ్యలేదు.