తొంభై నాలుగు దగ్గర ఆగిన కేబుల్

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల నా ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ స్పీడ్ రెండు వందల ఎంబీపీఎస్ దాటినట్టు ఫొటో తీసి పంపాలి. పంపితే సోమవారం నుంచి నాకు ఉద్యోగం. డులూత్ అనే పట్నంలోని ఒక ఆస్పత్రికి ఫోన్ చేసేవాళ్లకు ఇంట్లోంచే అపాయింట్‌మెంట్లు ఇచ్చే పని. వైఫై కుదరదు, కేబుల్ తగిలించుకునే పనిచేయాలని వాళ్ల షరతు. పంతొమ్మిదేళ్లు బడి వంటగదిలో పనిచేసి, ఆ బడిని పక్క ఊరి బడిలో కలిపేశాక ఇంట్లో పడ్డదాన్ని. యాభై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ నన్నొకరు పనికి పిలిచారు. ఆ ఉద్యోగం నాకు కావాలి, అంతే.

గురువారం పొద్దున్న చూస్తే తొంభై నాలుగు. మళ్లీ చూసినా తొంభై నాలుగే. మాది ఐదు వందల ప్లాను. చేతిలోని సెల్‌ఫోన్ వైఫై మీద నాలుగు వందలు చూపిస్తోంది. గాలిలో వచ్చేది పరిగెడుతుంటే తీగలో వచ్చేది కుంటుతోంది. ఇదెక్కడి విడ్డూరమో నాకు అర్థం కాలేదు.

మా ఆయన వెర్నర్ ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోన్ లైన్‌మన్‌గా చేశాడు. మోకాలి లోతు మంచులో స్తంభాలెక్కిన మనిషి. కింద నేలమాళిగలో ఉన్న రూటర్ నుంచి, వంటింటి గోడలోంచి, మేడ మీది నా గదికి వచ్చే కేబుల్ ఆయన స్వయంగా లాగిందే. కాబట్టి తప్పు ఆ కేబుల్‌ది తప్ప ఇంక దేనిదైనా కావచ్చు.

ముందు రూటర్‌ది అన్నాడు. ఆపి, ముప్పై లెక్కపెట్టి, మళ్లీ ఆన్ చేశాడు. కేబుల్‌ని రూటర్ వెనక వేరే రంధ్రంలోకి మార్చాడు. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి పాపం మళ్లీ ఆపి ఆన్ చేయమంది. ఆ పిల్లకు ఇరవై నిమిషాలు తన అనుభవం గురించి క్లాసు పీకాడు. తర్వాత నేరం నా ల్యాప్‌టాప్ మీదికి, సాయంత్రానికి నా మీదికి వచ్చింది. నేను అన్నీ ఒకేసారి తెరిచిపెడతానట.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి నాకు ఒళ్లు మండింది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని నేలమాళిగలోకి దిగి, రూటర్‌తో పాటు వచ్చిన మూరెడు కేబుల్‌తో నేరుగా కలిపాను. నాలుగు వందల ఎనభై. ఆయన్ని పిలిచి చూపించాను.

"మధ్యలో ఉన్నది నీ కేబుల్ ఒక్కటేగా" అన్నాను.

"దానికేం కాదు. ఇంకో ముప్పై ఏళ్లు ఉంటుంది."

"ఉండనీవయ్యా. నా ఉద్యోగానికి మాత్రం నాలుగు గంటలే టైముంది. నా గదిలో కేబుల్ వచ్చే గోడ ప్లేటు నువ్వు విప్పుతావా, నేను విప్పనా?"

నా చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వడం కంటే తనే విప్పడం నయమనుకున్నట్టున్నాడు. నా గదిలో ప్లేటు ఊడదీసి లోపలికి చూశాడు. చూసి, నేల మీద కూర్చుండిపోయాడు.

ఆ కేబుల్‌లో ఎనిమిది సన్న తీగలుంటాయి. నా ప్లేటుకు కలిపినవి నాలుగే. ఇరవై ఏళ్ల కిందట, గోడలో ఇంకో కేబుల్ లాగే ఓపిక లేక, మిగతా నాలుగూ వంటింట్లోనే బయటికి తీసి గోడ మీది టెలిఫోన్‌కు వాడేశాడు. ఒక్క కేబుల్, రెండు పనులు. చేయి తిరిగిన లైన్‌మన్‌కు తప్ప ఇంకెవరికీ తట్టదు. అప్పటి ఇంటర్నెట్‌కు నాలుగు తీగలు ఎక్కువే. ఇప్పుడు ఆ నాలుగింటి మీద ఎంత మొత్తుకున్నా వంద దాటదు. ఆ సంగతే మర్చిపోయాడు మహానుభావుడు.

"ఇలాంటి పని చేసినవాళ్లను ముప్పై ఏళ్లు తిట్టాను, లవోన్" అన్నాడు. "ఏ బుద్ధిలేనివాడు చేశాడిది అని మొహం మీదే అనేవాణ్ణి."

"ఇప్పుడూ అను. అద్దం తెచ్చిస్తా."

నవ్వాడు. కానీ వంటింట్లోకి వచ్చి ఆ టెలిఫోన్ ముందు నిలబడేసరికి నవ్వు తగ్గింది. ఎనిమిది తీగలూ నాకిస్తే అది మూగబోతుంది. ఆయన సెల్‌ఫోన్ ముట్టడు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక చెల్లెలు ఆర్డిస్‌తో ఈ ఫోన్‌లోనే గంటసేపు చేపల గురించీ, పోయినవాళ్ల గురించీ మాట్లాడతాడు. నాకు జాలేసింది. అయినా వద్దులే అనలేదు. అంటే ఆగిపోతాడని తెలుసు.

ఆయనే ఫోన్ తీగలు విడదీశాడు. వాటిని మళ్లీ అతికించి, పైనా కిందా ఎనిమిదీ కలిపేసరికి పదకొండున్నర. నాలుగు వందల డెబ్బై ఆరు వచ్చింది. ఫొటో తీసి పంపాను. పావుగంటలో జవాబొచ్చింది, సోమవారం ఏడున్నరకు మొదలుపెట్టమని. కాసేపు ఏడ్చాను, మొహం కడుక్కుని కిందికి దిగాను.

వెర్నర్ కళ్లు మూసుకుని ఆ మూగ ఫోన్ మీద అంకెలు నొక్కుతున్నాడు. బెంగ పెట్టుకున్నాడేమోనని భుజం మీద చెయ్యి వేశాను. ఉద్యోగం వచ్చిందని చెప్పాను.

"ఉండు, లెక్క తప్పుతుంది" అన్నాడు. "ఆర్డిస్ నంబరు నాకు నోటికి రాదు, వేలికే వచ్చు. నేను నొక్కుతుంటా, చూసి నీ సెల్‌లో కొట్టు. నీకు ఉద్యోగం వచ్చిందని దానికి నేనే చెప్పాలి."