సెక్రటరీ గారి స్కూటీ మీద చలానాలు

నాలుగిళ్ళ అవతలున్న పాలకేంద్రానికి కూడా హెల్మెట్ పెట్టుకుని వెళ్ళే మనిషి రొంపిచెర్ల మొత్తం మీద జానకిరామయ్య గారొక్కరే. పంచాయతీ సెక్రటరీగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఉద్యోగం అయిపోయింది గానీ రూల్సు ఒంట్లోనే ఉండిపోయాయి. సందు మలుపులో బర్రెగొడ్డు తప్ప ఎవరూ లేకపోయినా చెయ్యి చాపి సిగ్నల్ ఇచ్చేవారు. టీకొట్టు దగ్గర కూర్చుంటే, బండి మీద ముగ్గురెక్కి పోయే కుర్రాళ్ళను ఆపేవారు.

"ఒరేయ్, ఇట్టా ఎక్కితే వెయ్యి. నెత్తిన హెల్మెట్ లేనందుకు ఇంకో వెయ్యి. మూడు నెలలు లైసెన్సు కూడా పోద్ది. తెలుసా?"

కుర్రాళ్ళు "తెలుసు తాతా" అని, ముగ్గురూ మళ్ళీ అదే బండెక్కి పోయేవారు.

కిందటి శ్రావణంలో ఆయన ఇంట్లో ఉన్న పాత స్కూటీ అమ్మేద్దామనుకున్నారు. కూతురు కాలేజీకని కొన్నది. ఆ పిల్ల పెళ్ళయి విజయవాడ వెళ్ళాక షెడ్డులో పడుంది. ఆయన తిరగడానికి ఎటూ మోటారుసైకిల్ ఉంది.

"దాని జోలికి ఎందుకు, ఉండనీయండి" అంది భార్య సీతమ్మ.

"ఎలకలు గూళ్ళు పెడతన్నయ్యే దాంట్లో."

"పెట్టలేదులెండి" అని వెంటనే అనేసి, ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం నకరికల్లు నుంచి కరీముల్లా వచ్చాడు. పాత బళ్ళు కొని అమ్ముతుంటాడు. స్కూటీ చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి టైర్లు నిమిరాడు.

"సెక్రటరీ గారూ, రెండేళ్ళు కదల్లేదన్నారు. కదలని బండికి టైర్లెట్టా అరిగినయ్?"

"ఎండకి అరిగుంటయ్" అన్నారు జానకిరామయ్య. అన్నాక ఆయనకే బాగా అనిపించలేదు.

కరీముల్లా ఏ బండైనా కొనేముందు చలానాలు చూసుకుంటాడు. ఫోను తీసి బండి నంబరు కొట్టాడు. కాసేపు చూసి, ఫోను ఆయన ముందు పెట్టాడు. మూడు చలానాలు ఉన్నాయి. మూడూ నరసరావుపేటలోవే, మూడూ శనివారం నాటివే. రెండు హెల్మెట్ లేనందుకు, ఒకటి ముగ్గురెక్కినందుకు.

"ఇయ్యి కట్టేసి పిలవండి సార్, అప్పుడు మాట్లాడుకుందాం."

జానకిరామయ్య గారు నంబరు అంకె అంకె సరిచూసుకున్నారు. ఆయన దిగులు డబ్బు గురించి కాదు. హెల్మెట్ లేదని తన పేరు మీద చలానా! కరీముల్లా టీకొట్టు దగ్గర ఆగి ఈ మాట చెప్పకుండా పోతాడా?

"నంబరు తప్పు పడుంటది" అన్నారు. "ఎవడో నా నంబరుతో దొంగ ప్లేటేసుకుని తిరుగుతన్నాడు. ఫోటో చూడాల."

ఫోటో కోసం నిస్సీ నెట్ సెంటరుకు వెళ్ళారు. నిస్సీ ఇంటి పక్కనే పెరిగిన పిల్ల, డిగ్రీ చదివి బస్టాండు దగ్గర సెంటరు నడుపుతోంది. నంబరు చెప్పగానే టకటకా కొట్టింది. తెర మీద ఏదో తెరుచుకుంది. చటుక్కున మానిటర్ తన వైపుకు తిప్పుకుంది.

"సర్వర్ డౌన్, బాబాయ్."

"ఇప్పుడే వెలిగింది గదమ్మా?"

"వెలిగి పోయింది."

"నాకెవరూ మెసేజ్ కూడా పంపలేదే!"

"మెసేజ్‌లు అక్క పాత నంబరుకు పోతున్నాయి బాబాయ్. ఆర్‌సీలో ఆ నంబరే ఉంది" అని, సర్వర్ డౌనన్న పిల్లకు ఇదెలా కనబడిందని ఆయన అడిగేలోపే జిరాక్స్ కోసం వచ్చినవాళ్ళ వైపు తిరిగింది.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, అన్యాయం జరిగిందని రెండు పేజీల అర్జీ రాసుకుని, హెల్మెట్ పెట్టుకుని, మోటారుసైకిల్ మీద నరసరావుపేట ట్రాఫిక్ స్టేషనుకు వెళ్ళారు. అక్కడ చాంద్ బాషా అనే హెడ్ కానిస్టేబుల్ కూర్చుని ఉన్నాడు. అర్జీ మొదటి పేజీ చదివి, రెండో పేజీ తిప్పకుండా, కంప్యూటర్ తన వైపు నుంచి ఆయన వైపుకు తిప్పాడు.

"చూడండి సార్. ఇది మీ బండేనా?"

బండి ఆయనదే. సీటు మీద చిరుగుకి అంటించిన నల్ల టేపు కూడా ఆయన అంటించిందే. బండి మీద ముగ్గురు ఆడవాళ్ళు. వెనక చివర్న కూర్చున్నది ఎదురింటి మల్లీశ్వరి, కెమెరా వంకే చూసి నవ్వుతోంది. మధ్యలో ఆమె చెల్లెలు. ముందు హ్యాండిల్ పట్టుకున్నావిడ కొంగు నడుముకి బిగించి, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని, సిగ్నల్ వంక కోపంగా చూస్తోంది. ఆ మంగళగిరి చీర రిటైర్మెంటు డబ్బులొచ్చిన వారం ఆయన కొన్నదే.

జానకిరామయ్య గారు అర్జీ రెండు పేజీలూ వెనక్కి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నేను కాదు తోలింది" అన్నారు చివరికి.

"అది కనబడతానే ఉంది సార్. ఎవరు తోలారో చెప్పండి మరి. ఆవిడకి లైసెన్సుందా?"

"...లేదు."

"అట్టయితే ఇంకోటుంది సార్. లైసెన్సు లేకుండా తోలినందుకు ఆవిడకి ఐదువేలు. లైసెన్సు లేనావిడకి బండిచ్చినందుకు మీకు ఐదువేలు. ఇప్పుడున్నవి మూడువేలే."

"నేను బండి ఇవ్వలా!"

"ఇవ్వకపోతే మీకు తెలవకుండా తీసుకున్నట్టు. దొంగతనం కేసు రాయమంటారా?" అని చాంద్ బాషా నిజంగానే పెన్ను తీశాడు.

జానకిరామయ్య గారు నలభై ఏళ్ళ కాపురంలో సీతమ్మ మీద చాలా ఫిర్యాదులు చేశారు. కూరలో ఉప్పని, తాళాలు ఎక్కడో పెడుతుందని. పోలీసు స్టేషన్లో మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు.

"వద్దు" అన్నారు. "ఆ మూడువేలూ కట్టేస్తా."

"మంచిది సార్. ఈ బండి మీద రాసింది ఆ మూడే గదా, నేనంతవరకే చూస్తా. ఇంక ఆవిడకి లైసెన్సు తీయించండి" అని, మాటలో మాటగా, "మీ లైసెన్సు చూపించండి సార్, వివరాలు రాసుకుంటా" అన్నాడు.

ఆయన గర్వంగా పర్సు తీశారు. ప్లాస్టిక్ కవర్లో, ఒక్క మడత కూడా పడకుండా దాచుకున్న లైసెన్సు. చాంద్ బాషా దాన్ని వెలుతురు వైపు పట్టుకుని చూశాడు. మళ్ళీ చూశాడు.

"సార్, ఇది అయిపోయి నాలుగేళ్ళయింది."

"ఏంది?"

"యాభై ఐదు దాటినాక తీసుకుంటే ఐదేళ్ళే ఇస్తారు సార్. ఏడాది లోపల రెన్యువల్ చేయించుకుంటే సరిపోయేది. ఇప్పుడు మళ్ళీ టెస్టుకు పోవాల్సిందే." గొంతు తగ్గించి అడిగాడు. "ఇక్కడికి దేని మీద వచ్చారు?"

బయట వేపచెట్టు కింద మోటారుసైకిల్, దాని అద్దానికి హెల్మెట్ కనబడుతూనే ఉన్నాయి. జానకిరామయ్య గారు అటు చూడలేదు.

"నేను మిమ్మల్ని రోడ్డు మీద ఆపలా గాబట్టి అడగలేదనుకోండి" అన్నాడు చాంద్ బాషా. "బండి ఇక్కడే ఉండనియ్యండి. లైసెన్సున్నోళ్ళను పంపి తెప్పించుకోండి. మీరు ఆటోలో పోండి."

రొంపిచెర్ల ఆటో నిండితే గానీ కదలదు. ఆయన ఎక్కేటప్పటికి నలుగురున్నారు. డ్రైవరు పదిమంది కావాలన్నాడు. ముప్పావుగంట కూర్చున్నారు. పక్కనావిడ తన మిరపనారు కట్ట ఆయన ఒళ్ళో పెట్టి, "కాస్త పట్టుకో అన్నా" అని పిల్లాణ్ణి ఎత్తుకుంది. దారి పొడుగునా ఆయన ఒక కాలు బయటే ఉంది. పదకొండో మనిషిని ఎక్కించుకోవడానికి ఆటో ఆగినప్పుడు, దీనికెంత ఫైనో చెబుదామని నోరు తెరిచి, జేబులోని లైసెన్సు గుర్తొచ్చి మూసుకున్నారు.

ఇంటికొచ్చేసరికి సీతమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నిస్సీ ముందే ఫోను చేసినట్టుంది.

"ఎవరు నేర్పారు?" అన్నారాయన, చెప్పులు విప్పకుండానే.

"నిస్సీ. ఏడాదయింది. మీరు పొద్దున నిద్రలేచేలోపు, చెరుకుతోట పక్క రోడ్డు మీద."

"నరసరావుపేటలో నీకేం పనే?"

"ఏం పని లేదు."

"పని లేకుండా పది మైళ్ళు పోతారా?"

"బాదంపాలు తాగొస్తాం" అంది సీతమ్మ. "శనివారాలు. నేను, మల్లీశ్వరి, దాని చెల్లెలు. పోవడం, తాగడం, రావడం. మీకు చెబితే రూల్సు చెబుతారు, లేకపోతే మీరే తీసుకెళ్తానంటారు. మీరు తీసుకెళ్తే అది మీరు తీసుకెళ్ళినట్టు ఉంటది గానీ మేం పోయినట్టు ఉండదు."

ఆయన చెప్పులు విప్పారు. ఆటోలో తిమ్మిరెక్కిన కాలు ఇంకా సరిగా ఆనడం లేదు. అరుగు మీద ఆమె పక్కన కూలబడ్డారు.

"ఆటోల్లో పొయ్యేవాళ్ళుగా ముందు?"

"పొయ్యేవాళ్ళం. నిండిందాకా కూర్చునేవాళ్ళం."

"అవును" అన్నారాయన. కాలు రుద్దుకుంటూ, "నా లైసెన్సు అయిపోయిందే. నాలుగేళ్ళయింది" అన్నారు.

సీతమ్మ ముందు నమ్మలేదు. కార్డు చేతిలోకి తీసుకుని తారీఖు చదివింది. తర్వాత ఆమె నవ్విన నవ్వుకి మల్లీశ్వరి ఎదురింటి తలుపు తీసి "ఏందక్కా?" అని వచ్చింది. ఆమెకు కూడా చెప్పాల్సొచ్చింది. సాయంత్రానికి ఆ మాట టీకొట్టుకు చేరింది.

నిస్సీ మర్నాడే మోటారుసైకిల్ తెచ్చిపెట్టి, మూడు చలానాలూ కట్టి, ఆర్‌సీలో ఫోను నంబరు మార్పుకి పెట్టి, ఇద్దరి పేర్లా ఎల్ఎల్ఆర్‌కి అప్లై చేసింది. సైన్‌బోర్డుల పరీక్షకు ఆయన సీతమ్మకు వారం రోజులు పాఠం చెప్పారు. ఆమెకు ఆయన కంటే ఒక మార్కు ఎక్కువొచ్చింది. ఎల్ బోర్డు పెట్టుకున్న నెలా వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదని ఆయన చెబితే, మల్లీశ్వరి ఆయనతో మాట్లాడటం మానేసింది. కరీముల్లా ఫోను చేస్తే, స్కూటీ అమ్మడం లేదన్నారు.

నెల తర్వాత డ్రైవింగ్ టెస్టు. నేల మీద ఎనిమిది అంకె గీసి ఉంది. దాని మీద కాలు కింద పెట్టకుండా తిరగాలి. సీతమ్మ పెదవులు బిగించి, కొంగు బిగించి, గీత తొక్కకుండా తిరిగొచ్చింది. జానకిరామయ్య గారు మొదటి సున్నా బాగానే తిరిగారు. రెండో సున్నాలోకి మళ్ళేటప్పుడు అలవాటు ప్రకారం సిగ్నల్ ఇవ్వడానికి చెయ్యి చాపారు. బండి ఒరిగింది, కాలు కింద పడింది.

"వారం తర్వాత రండి సార్" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆ వారమంతా రొంపిచెర్లలో వాళ్ళింటి ముందు ముగ్గు మారిపోయింది. పొద్దున్నే సీతమ్మ వాకిలంతా కళ్ళాపి చల్లి, ముగ్గుపిండితో పెద్ద ఎనిమిది వేసేది. జానకిరామయ్య గారు దాని మీద మోటారుసైకిల్ తిప్పేవారు. గేటు బయట పాలకేంద్రానికి పోయేవాళ్ళు ఆగి చూసేవారు. మూడోరోజు మల్లీశ్వరి కూడా కోపం మరిచి వచ్చి, "ఎడం చెయ్యి తియ్యమాక అన్నా!" అని అరిచింది. ఐదోరోజు ఆయన కాలు కింద పెట్టకుండా పూర్తి ఎనిమిది తిరిగారు. ఇంజను ఆపబోతుంటే సీతమ్మ గడప మీది నుంచి లేచింది.

"ముగ్గు తొక్కారు, అదిగో అక్కడ. ఇంకోసారి తిరగండి."

ఆయన మళ్ళీ గేరు వేశారు.