అడక్కుండా తొక్కిన పెడల్

నేను అక్షరాలు దిద్దుకున్నది మా ఆయన పోయాక. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికే నాకు నెల పట్టింది.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో వదినా మరదళ్ళు ఇద్దరు ఒకే మిషను దగ్గర పనిచేసేవారు. కాగుతున్న రెండు రోలర్ల మధ్యకి తడి దుప్పటి వెళ్ళి, పొడిగా, పలకలా బయటికి వస్తుంది. వదిన అంచులు పట్టుకుని మడతలు సరిచేస్తుంది. మరదలు కాలితో పెడల్ తొక్కితే రోలర్లు తిరుగుతాయి. తొక్కే ముందు ప్రతిసారీ "చెయ్యి తీశావా వదినా?" అని అడుగుతుంది. "తీశా" అని వినపడ్డాకే తొక్కుతుంది.

ఎన్ని దుప్పట్లో అన్నిసార్లు ఇదే ప్రశ్న. తోటివాళ్ళు ఆమెకి 'తీశావా' అనే పేరు పెట్టేశారు. ఆమె నవ్వి ఊరుకునేది గానీ లోపల చివుక్కుమనేది. నిజానికి ఆమెది మొదటినుంచీ పిరికి ప్రాణం. కూరలో ఉప్పు వేయాలన్నా వదినని అడగాల్సిందే.

కొత్త మేనేజరు వచ్చాక ఆ మిషను దగ్గర పని నత్తనడక నడుస్తోందన్నాడు. నెలలోగా తీరు మారకపోతే మరదలిని తీసేస్తానన్నాడు. ఇంట్లో ఆమె మొగుడు మంచాన ఉన్నాడు. ఆమె జీతం ఆగితే పొయ్యి వెలగదు.

బెదురుగా ఉన్నవాళ్ళకి ధైర్యం నేర్పడానికి మేనేజరే ఒక మేడంని పిలిపించాడు. ఆవిడ చెడ్డమనిషి కాదు. మరదలిని పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పింది. పొద్దున్నే అద్దంలో తన కళ్ళలోకి తానే చూసుకోవాలి. భుజాలు వంచకూడదు. నిదానంగా ఊపిరి తీసి, నాకు తెలుసు, నేను చేయగలను అనుకోవాలి. ఎవరినీ అడక్కుండా చేసిన ప్రతి పనికీ గోడమీద ఒక గీత గీయాలి. మేడం ఎప్పుడూ మిషను దగ్గరికి రాలేదు.

మరదలు అన్నీ తు.చ. తప్పకుండా చేసింది. మీ మరదలు అద్దంతో కాపురం పెట్టిందని ఆడవాళ్ళు వదినతో వేళాకోళమాడారు. ఉప్పు తానే వేసింది. కుళ్ళిన ఉల్లిపాయలు కొట్టువాడికి తిరిగిచ్చి మంచివి తెచ్చుకుంది.

"నీకు నోరొచ్చిందే పిల్లా," అని వదిన మురిసిపోయింది.

గోడమీద పదకొండు గీతలు పడ్డాయి. పెడల్ దగ్గర ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఒకరోజు మేనేజరు వెనకాలే వచ్చి నిలబడ్డాడు. ఆమె భుజాలు నిటారుగా పెట్టింది. ఊపిరి తీసింది. వదిన మోచెయ్యి వెనక్కి కదిలినట్టే కనిపించింది. తొక్కింది.

వదిన కేక కూడా పెట్టలేదు. "అమ్మా," అంది, అంతే.

కుడిచేతి నాలుగు వేళ్ళు పోయాయి. కట్టు కట్టాక వదిన పైకప్పు చూస్తూ చెప్పింది.

"నువ్వు అడిగాకే చెయ్యి తీసేదాన్ని. అంతకు ముందు ఎప్పుడూ తియ్యలేదు. పదేళ్ళ అలవాటు. నీ మాట వినపళ్ళేదు, ఇంకా టైముందనుకున్నా."

సాయంత్రం మేనేజరు కాగితంతో వచ్చాడు. వదినదే అజాగ్రత్త అని సాక్ష్యం చెబితే నీ ఉద్యోగం పదిలం అని మరదలికి నచ్చజెప్పాడు. ఆమె తలెత్తకుండానే చెప్పింది.

"నేనే అడక్కుండా తొక్కానండీ. అడగొద్దని మాకు నేర్పించింది మీరే. రెండూ రాయండి."

ఆయన మొదటిది రాసి కలం మూసేశాడు. రెండోది కూడా రాయమని ఆమె మూడుసార్లు అడిగింది. మూడోసారి కాపలావాడు వచ్చి ఆమెని బయటికి పంపించాడు.

తప్పు తనది కాదని తేలడంతో వదినకి పరిహారం వచ్చింది. మరదలికి పని పోయింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. వదిన ఆమెతో మాట్లాడదు. అన్నం కలిపి ముద్ద పెడితే మాత్రం నోరు తెరుస్తుంది.

రాసింది బుజ్జమ్మ. వయసు అరవై ఏడు. ఇప్పుడు రెండో కూతురింట్లో, వంటింటి పక్కగదిలో ఉంటున్నాను.