తెరిచి ఉన్న పిన్నీసు ఒకటి

నేను ఒక పిన్నీసును. వేలెడంత తీగ ముక్కను కోసి, ఒక కొన సాన పట్టి, నడుమ ఒక చుట్టు చుట్టి, నెత్తిన రేకు టోపీ పెడితే నేనయ్యాను. ఇందులో చెప్పుకోవడానికి ఏముంది అనుకుంటారేమో. మొదటిసారి నా మొన ఆ టోపీలోకి దూరి 'టిక్'మన్నప్పుడు ఎంత సంబరపడ్డానో మీకు తెలియదు. రోజుకు ఇరవై సార్లు తెరిచి మూసినా ఆ చప్పుడు నాకు విసుగు పుట్టలేదు. మూసి ఉన్నంతసేపూ మేము ఎవరినీ గుచ్చం. అది మా జాతి మర్యాద.

కాలువ పక్కన ఒక ఊళ్ళో మూడంతస్తుల చీరల కొట్టు ఉంది. అక్కడ చీరలు చూపించే ఆడపిల్లలకు మేము లేనిదే పని సాగదు. వచ్చినావిడను అద్దం ముందు నిలబెట్టి, పైటకు అయిదు మడతలు పెట్టి, భుజం మీద పిన్ను పెట్టి చూపించాలి. నచ్చలేదంటే తీసి మరొకటి చూపించాలి. ఎడమ చెయ్యి మడతలు పట్టుకుని ఉంటుంది కాబట్టి, ఆ చేతి గాజులకే నాలుగైదు పిన్నీసుల్ని తగిలించుకుంటారు. కుడిచేత్తో ఒకదాన్ని అందుకుని, బొటనవేలితో నొక్కి తెరుస్తారు. ఒంటిచేత్తోనే. చూడముచ్చటగా ఉంటుంది.

అలా నేను సత్యవేణి గాజు ఎక్కాను. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల. వాళ్ళమ్మ ఇంట్లో చీరలకు ఫాల్స్ కుడుతుంది. సత్యవేణికి రంగుల పిచ్చి. వంగపండు రంగు చీర మీదికి చిలకపచ్చ అంచు వస్తే, అది తనకు కాదని తెలిసినా ఓసారి చెంపకు ఆనించుకునేది. పక్క కౌంటర్లో ఝాన్సీ ఉండేది. తన పెళ్ళికి ఏ చీర కొనాలో ఆ పిల్ల రోజుకొకటి తేల్చేది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే డబ్బాలో తినేవారు. గోంగూర పచ్చడి వాసన నాకూ తగిలేది.

మణికట్టు మీద ఉండేదాన్ని కదా, నాడి కొట్టుకోవడం నాకు తెలిసిపోయేది. మెట్ల మీద శేషగిరి బూట్ల చప్పుడు వినబడితే చాలు, ఆ నాడి పరుగందుకునేది. శేషగిరి కొట్టు యజమాని బావమరిది, ఆ అంతస్తుకు సూపర్‌వైజరు. చీర మడత సరిచేసే నెపంతో చెయ్యి తగిలించేవాడు. దారి ఇవ్వకుండా నిలబడేవాడు. సత్యవేణి నవ్వు మొహం చెడకుండా పక్కకు జరిగేది. కొనడానికి వచ్చినవాళ్ళకు ఆ నవ్వే కనబడేది. దాని కింద ఏముందో నాకు తెలుసు.

శ్రావణ మాసం, మిట్టమధ్యాహ్నం. కింద కాలు పెట్టే చోటు లేదు. మూడో అంతస్తు గోదాములో కొత్తగా వచ్చిన చీరల బేళ్ళు చూసి రమ్మన్నాడు శేషగిరి. సత్యవేణి ఝాన్సీని తోడు రమ్మంది. ఝాన్సీ దగ్గర ఒక పెళ్ళివారి బేరం నడుస్తోంది. "నువ్ పదవే, రెండు నిమిషాల్లో వత్తాను" అంది.

గోదాములో కిటికీలు లేవు. బేళ్ళ మధ్య మనిషి పట్టేంత సందు. వెనక తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది. సత్యవేణి నాడి ఒక్క క్షణం ఆగిపోయిందనుకున్నాను. శేషగిరి. ఆమె భుజం మీద మడతలు పెట్టి పిన్ను పెట్టుకున్న చున్నీని పట్టుకుని లాగాడు. బట్ట చిరిగిన చప్పుడు ఇప్పటికీ నా తీగలో ఉంది. రెండో చెయ్యి ఆమె నోటి మీద పడింది. ఆమె వేళ్ళు తడుముకుంటూ గాజు మీదికి వచ్చి నన్ను అందుకున్నాయి. బొటనవేలు నొక్కింది, నేను తెరుచుకున్నాను. బట్ట తప్ప ఎరగని నేను మొదటిసారి మనిషి చేతిలో దిగాను.

అతను అరిచి చెయ్యి వదిలాడు. అప్పుడే తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఝాన్సీ. చున్నీ ఇంకా అతని పిడికిట్లోనే ఉంది. నేను ఎగిరి ఒక బేలు కింద పడ్డాను, తెరిచిన నోరు తెరిచినట్టే.

మర్నాడు తల్లితో కలిసి సత్యవేణి పోలీసు స్టేషనుకు వెళ్ళింది. పోలీసులు వచ్చి గోదామంతా చూసి పంచనామా రాశారు. చిరిగిన ఆకుపచ్చ చున్నీ ఒకటి. తెరిచి ఉన్న పిన్నీసు ఒకటి. రాసినాయన దస్తూరి ముత్యాల్లా ఉంది. పిన్నీసు ఎందుకు తెరిచి ఉందో అడగాలని మాత్రం ఆయనకు తోచలేదు. ఝాన్సీ కూడా తలుపు తీసినప్పుడు చూసింది నాలుగు ముక్కల్లో చెప్పింది. మమ్మల్ని కవర్లలో పెట్టి లక్కముద్ర వేశారు.

కోర్టు వస్తువుల గదిలో సంవత్సరం పైనే గడిచింది. నా ఒంటికి తుప్పు మొదలైంది. గాలి లేదు, వెలుతురు లేదు, 'టిక్' అనే చప్పుడు లేదు. అయినా నాకు భయం వేసింది అక్కడ కాదు. బయటికి తీసిన రోజున.

సత్యవేణి బోనులో నిలబడింది. కొట్టు మానేసి తల్లితో పాటు ఫాల్స్ కుడుతోందట. గాజులు లేవు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చెక్క కమ్మీని పట్టుకుంది. శేషగిరి ఇస్త్రీ చొక్కాలో వెనక నిలబడ్డాడు. ముద్దాయి తరపు లాయరు గొంతు పెంచే మనిషి కాదు. మెత్తగా అడిగాడు. గోదాముకు ఒంటరిగా ఎందుకు వెళ్ళావన్నాడు. సూపర్‌వైజరు వెళ్ళమన్నారంది. అతనంటే భయమన్నావు కదా, భయమున్నవాడు వెళ్ళమంటే వెళ్ళిపోతావా అన్నాడు. ముందురోజు అతనితో నవ్వుతూ మాట్లాడలేదా అన్నాడు. నవ్వుతూ ఉండడమే తమ పని అంది. ఆ రోజు పెదాలకు ఏ రంగు వేసుకున్నావన్నాడు. సత్యవేణి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది, పాపం. ఆ రంగుకూ మూసిన తలుపుకూ సంబంధం ఏమిటని అక్కడ ఒక్కరూ అడగలేదు. ప్రభుత్వ లాయరమ్మ ఆ ఉదయానికి పదకొండో ఫైలు తిరగేస్తోంది.

అప్పుడు ముద్దాయి లాయరు నన్ను పైకెత్తాడు.

"ఇది తెరిచి ఉందా, మూసి ఉందా అమ్మా?"

"తెరిచి ఉందండి."

"ఎవరు తెరిచారు?"

"నేనేనండి. కానీ అది చున్నీకి పెట్టింది కాదండి. గాజుకున్నదండి."

"గాజుకా? గాజు జారిపోద్దని పిన్ను పెట్టుకున్నావా తల్లీ?"

గది నవ్వింది. గుమాస్తాలు, వాయిదాలకు వచ్చినవాళ్ళు, గోడకు ఆనుకున్న బంట్రోతు, అందరూ. ఇంట్లో భార్యల గాజులకు, అమ్మల గాజులకు మమ్మల్ని రోజూ చూసేవాళ్ళే. ఆ పూట ఒక్కరికీ గుర్తు రాలేదు. చున్నీ పిన్ను తనే తీసుకుందని సాక్షి ఒప్పుకుంటోంది, అంటే ఇందులో బలవంతం లేదు, అని లాయరు మెత్తగా తేల్చాడు. సత్యవేణి ఇంకేదో చెప్పబోయేలోపే టైపు చేసే మనిషి "నేనే తెరిచాను" అని కొట్టి చుక్క పెట్టాడు. నన్ను ఆయుధంగా పట్టుకుంది సత్యవేణి. ఇప్పుడు అదే ఆయుధం ఆమె వైపు తిరిగింది. నోరు మూసుకోవాలని అంత గట్టిగా నేనెప్పుడూ అనుకోలేదు.

ఇక మిగిలింది ఝాన్సీ ఒక్కతే. ఆమె కాదంటే కేసు లేదు. సత్యవేణి అబద్ధాలకోరుగా ఆ ఊళ్ళో మిగిలిపోతుంది.

నెల తర్వాత వాయిదా. వరండాలో బల్ల మీద ఒక చివర సత్యవేణి, మరో చివర ఝాన్సీ. మధ్యలో మా కవర్లు ఒళ్ళో పెట్టుకుని కోర్టు కానిస్టేబులు పేపరు చదువుతున్నాడు. ఝాన్సీకి పెళ్ళయి మూడు వారాలు. మెళ్ళో తాడు పసుపు ఇంకా పచ్చగానే ఉంది. కొత్త మెట్టెలు వదులై కాలు కదిపినప్పుడల్లా చప్పుడవుతున్నాయి. పెళ్ళికి పిలవలేదని సిగ్గుపడి, ఆ సిగ్గు దాచడానికి గలగలా మాట్లాడింది. భర్త సురేంద్ర కరెంటు పని చేస్తాడట. ఆమెకు చీకటి భయమని స్నానాల గది బయట ఒకటి, లోపల ఒకటి, రెండు దీపాలు పెట్టాడట. ఉదయం అతనే బండి మీద దింపాడట. చెబుతూ చెబుతూ ఆగిపోయింది.

కొట్టు యజమాని మనిషి రెండుసార్లు ఇంటికి వచ్చాడని, సురేంద్రకు ఊళ్ళో పనులు దొరకవని నవ్వుతూ చెప్పి వెళ్ళాడని అంది. అత్తగారు ఆ రాకకు బెదిరిపోయిందట. "గుర్తులేదని చెప్పేయ్ అమ్మాయ్. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఎవరికీ నొప్పి ఉండదు" అందట.

సత్యవేణి ఝాన్సీ వైపు తిరిగింది. "నిజంగా గుర్తులేదా?" అంది.

"రోజూ గుర్తొత్తందే" అంది ఝాన్సీ.

కానిస్టేబులు పేపరు ఎప్పటినుంచో అదే పేజీలో ఉంది.

పిలుపు వచ్చింది. బోనులో కూడా ఝాన్సీ మెట్టెల చప్పుడు ఆగలేదు. వెనక బల్ల మీద కొట్టు యజమాని వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు గోదాములో ఏం చూశావో గుర్తుందా అని ప్రభుత్వ లాయరమ్మ అడిగింది.

"గుర్తు..." అంది ఝాన్సీ. ఆగింది.

ఆ ఆగిన చోట నాకు నరకం కనబడింది. మన భాషలో ఆ మాట తర్వాత ఏదైనా రావచ్చు. లేదని రావచ్చు, ఉందని రావచ్చు. రెంటికీ మొదలు ఒకటే. శేషగిరి మెడ ముందుకు సాచాడు. సత్యవేణి కళ్ళు మూసుకుంది.

"...ఉందండి" అంది ఝాన్సీ.

చూసిందంతా చెప్పింది. ముద్దాయి లాయరు లేచి, చున్నీ పిన్ను ఆ అమ్మాయే తీసుకుంది, అందుకే పిన్ను తెరిచి దొరికింది, అంతేగా అన్నాడు. ఝాన్సీ జవాబివ్వకుండా ఆ చున్నీ ఒకసారి ఇప్పించమని మేజిస్ట్రేటు గారిని అడిగింది. లాయరు అడ్డు చెప్పాడు. ఇవ్వండి, చూద్దాం అన్నారాయన.

పద్నాలుగు నెలలుగా ఆ చున్నీ మడత ఎవరూ విప్పలేదు. అందరూ నన్నే చూశారు. ఝాన్సీ దాన్ని అందుకుని, కౌంటరు మీద చీర పరిచినట్టు ఒక్క విదిలింపుతో విప్పింది. పొడవునా దూరం దూరంగా అయిదు చిరుగులు. ఎలుక కొరికినట్టు, ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఝాన్సీ అంచు పట్టుకుని మడతలు పెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. చేతులు పనిలో పడగానే మెట్టెల చప్పుడు ఆగింది. అయిదో మడత పడేసరికి అయిదు చిరుగులూ ఒకదాని మీద ఒకటి వచ్చి ఒకే చిరుగయ్యాయి. భుజం మీద పిన్ను ఉండే చోట.

అలవాటు కొద్దీ ఆమె కుడిచెయ్యి ఎడమ గాజు మీదికి వెళ్ళింది. మడతలు జారకుండా పిన్ను పెట్టబోయింది.

"ఆగమ్మా" అన్నారు మేజిస్ట్రేటు గారు.

ఝాన్సీ అలాగే ఆగిపోయింది. చేతిలో తెరిచి ఉన్న పిన్నీసు ఒకటి.

"అదెక్కడిది?" అని ఆయన అడిగారు.

"గాజుకున్నదండి."

ఎవరూ నవ్వలేదు. గది చివర కూర్చున్న ముసలావిడ ఒకామె తన గాజుల వైపు చూసుకుంది.

"చున్నీ పిన్ను తియ్యలేదండి" అంది ఝాన్సీ. "తీసుంటే ఇలా చిరగదండి. మూసిన పిన్ను భుజం మీద అలాగే ఉండిపోయింది, బట్ట ఊడొచ్చింది. ఆ పిన్ను నేనే తీసి, నా చున్నీ సత్యవేణికి కప్పేనండి."

లాయరు ఊరుకోలేదు. ఇంత తెలిసినదానివి ఇన్నాళ్ళూ పోలీసులకు ఎందుకు చెప్పలేదని, ఇప్పుడు కల్పించి చెబుతున్నావని అన్నాడు. ఈసారి ఆ ప్రశ్న ఝాన్సీ మీదికి వచ్చింది.

"చున్నీ ఎలా చిరిగిందని ఎవరూ అడగలేదండి. నేనై చెప్పడానికి భయపడ్డాను. ఇప్పుడూ భయంగానే ఉంది. ఇంటికెళ్తే ఏమవుద్దో తెలీదు. కానీ ఆ రోజు రెండు నిమిషాల్లో వత్తానని చెప్పి పది నిమిషాలకు వెళ్ళేనండి. అది చాలండి నాకు."

సాయంత్రం సురేంద్ర బండి గేటు దగ్గర ఆగింది. కొట్టు యజమాని మనిషి అతని పక్కనే నిలబడి ఉన్నాడు. ఝాన్సీ ఎక్కి కూర్చుంది. ఏం చెప్పావని అతను అడగలేదు. చీకటి పడకముందే వెళ్దాం అన్నాడు. కానిస్టేబులు మమ్మల్ని గదికి తీసుకెళ్తూ ఆ ఒక్క మాటా విన్నాడు, నేనూ విన్నాను. తర్వాత వాళ్ళ సంగతి నాకు తెలియదు. తెలియకపోవడమే ఎక్కువ భయం.

రెండు నెలలకు తీర్పు వచ్చింది. శేషగిరికి శిక్ష పడింది. పై కోర్టుకు వెళతానన్నాడు. సత్యవేణి తీర్పు మొత్తం నిలబడే వింది. చివర్లో ఒక వాక్యం నా గురించి: వస్తువులు ఒకటి, రెండు విలువ లేనివి కాబట్టి అప్పీలు గడువు ముగిశాక నాశనం చేయవలెను. కోర్టు భాషలో అలాగే రాస్తారట. నాకు కోపం రాలేదు. తుప్పు ఎలాగూ సగం పని చేసేసింది.

ఇప్పుడు అరలో గడువు కోసం ఎదురుచూస్తున్నాను. నిన్న నా పక్కన కొత్త కవరు ఒకటి పెట్టారు. అందులో ఆడమనిషి చెప్పు, ఎడమకాలిది, పట్టీ తెగింది. చీటీ మీద బస్టాండు పేరు ఉంది, పట్టపగటి వేళ ఉంది. రేపు ఆ అమ్మాయిని కూడా బోనులో నిలబెడతారు. అంత ఎత్తు మడమ ఉన్న చెప్పులు ఎందుకు వేసుకున్నావని అడుగుతారు.

పగటివేళ బస్టాండులో జనం ఉంటారు. ఎవరో ఒకరు చూసే ఉంటారు. మీరేనా?