కాళ్లూ చేతులూ ఉన్నవాళ్లు

బీమా కంపెనీ బాబులారా, మెడికల్ బోర్డు పెద్దలారా! కాలు తెగితేనే వైకల్యం, కన్ను పోతేనే వైకల్యం అని రాసుకున్నది మీరే. పడవల సంఘం చేత ఏటేటా ప్రీమియం కట్టించుకున్నది మీరే. కిడ్నీలు రెండూ పాడైన మనిషిని ఎగాదిగా చూసి, పని చేసుకోగలవు పొమ్మన్నదీ మీరే. గంగులు సంగతి వినండి. వినకుండా కుర్చీ దిగడానికి వీల్లేదు.

గంగులు సోంపేట వైపు తీరంలో పడవ నడిపినవాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు పట్నం ఆసుపత్రిలో మిషనెక్కి రక్తం కడిగించుకుంటే తప్ప బతకడు. వేట ఆగిపోయింది. పెళ్లాం బుల్లమ్మ తట్ట మోసి చేపలమ్మితే వచ్చేది బస్సులకే చాలడం లేదు. పని చేయలేని మత్స్యకారుడికి బీమా వస్తుందని, బోర్డు డాక్టరు రాసిస్తే చాలని సంఘం ప్రెసిడెంటు నారాయణమూర్తి చెప్పాడు. ఆ బీమా రాకపోతే మిషను మానాలి. మిషను మానితే మనిషి ఉండడు.

ఆ తీరాన ఈ జబ్బు పేరు ఎవరూ పైకి అనరు. అంటే పడవెక్కించుకోరు, ఆ ఇంటికి పిల్లనివ్వరు. అందుకే రోగి ఊరు దాటేటప్పుడు ఎంత ముస్తాబైతే ఇంటికి అంత మర్యాద. బుల్లమ్మ మొగుడికి గడ్డం గీయించింది. తమ్ముడి ఇస్త్రీ చొక్కా తొడిగించింది. మిషనెక్కిన మర్నాడు, ఒంట్లో కాస్త ఓపికున్న రోజు చూసి బోర్డుకి తీసుకెళ్లింది.

"చేతులు చాపు. అటు నడువు. బాగానే ఉన్నావే!" అన్నాడు డాక్టరు.

"ఒంట్లో బాగోనేదు బాబూ," అంది బుల్లమ్మ.

"పెళ్లికొడుకులా వచ్చి బాగోలేదంటే ఎలాగమ్మా? పని చేయగలడు. తర్వాతెవరు?"

తిరుగు బస్సులో బుల్లమ్మ ఏడవలేదు. ఏడవడానికీ ఓపిక ఉండాలి.

ఆ సాయంత్రం ఒడ్డున, పడవల దగ్గర సంఘం కూడింది.

"పెద్దోలతో గొడవెందుకే? మరోపాలి అర్జీ ఎట్టుకుందాం," అన్నాడు నారాయణమూర్తి.

"నీ అర్జీలు సేపలకెయ్యి బావా. అయ్యి కూడా తినవు," అంది ఎదురింటి అసిరమ్మ. అందరూ నవ్వారు.

బుల్లమ్మ నవ్వలేదు. "నా మొగుడికి కిడ్నీలు పోనాయి. సెప్పీసినాను. ఇంకెవులింట్లో ఉన్నాదో సెప్పండి."

మగవాళ్లు ఇసుకలోకి చూస్తున్నారు.

"ఏటి, సిగ్గా? మనోలని ముస్తాబు సేసి సేసి సంపుకుందామా?"

అసిరమ్మ మొహంలో నవ్వు పోయింది. "నా కొడుకు గుండాగి పోనాడని సెప్పినాను గదా. గుండె కాదర్రా. ఇదే. కోడలికీ ఉన్నాది."

"మా అయ్యకి," అన్నారెవరో చీకట్లోంచి. "మా అప్పకి."

"నాకే," అన్నాడు సూరయ్య. పొద్దున్న కూడా వేటకెళ్లి వచ్చినవాడు. అతని పడవలోని వాళ్లు ఉలిక్కిపడి చూశారు. కానీ ఎవరూ దూరం జరగలేదు.

నారాయణమూర్తి సముద్రం వైపు తిరిగి, "మా ఇంటిదానికి," అన్నాడు.

బోర్డు మళ్లీ కూర్చున్న రోజు ఊరు కదిలింది. ఈసారి ముస్తాబు లేదు. మిషనెక్కాల్సిన రోజునే, ఉబ్బిన కాళ్లతో, పొంగిన మొహాలతో, ఎలా ఉన్నవాళ్లు అలాగే బస్సెక్కారు. బస్సు దిగాక నడవలేనివాళ్లను వలల్లో పడుకోబెట్టి, వలలు తెడ్లకి కట్టి, ఇద్దరిద్దరు భుజాలకెత్తుకున్నారు. బజారు బజారంతా ఆగి చూసింది.

బోర్డు ఆఫీసు వరండా నిండా మనుషుల్ని దించారు. పిలుస్తాం ఉండమన్నారు. పిలవలేదు. పోలీసుల్ని మాత్రం పిలిచారు. ఎండెక్కింది. సాయంత్రం మిషనుకి ఇంకా టైముంది.

"ఊపిరాడతన్నాదా మావా?" అంది బుల్లమ్మ.

"నన్నటు తిప్పే. ఆ డాట్రు మొకం సూడాల," అన్నాడు గంగులు.

తలుపు వైపు తిప్పింది. గంగులు తిప్పినట్టే ఉండిపోయాడు.

అప్పుడు తెరుచుకుంది తలుపు. బోర్డుతో పాటు లోపల కూర్చున్న బీమా ఆఫీసరు గబగబా వచ్చి, గొంతు తగ్గించాడు. "జరిగిందేదో జరిగింది తల్లీ. మరణం క్లెయిము వేరు, దానికి బోర్డు అక్కర్లేదు. వేలిముద్ర వేసి శవాన్ని తీసుకెళ్లు. నేను దగ్గరుండి ఇప్పిస్తాను."

బుల్లమ్మ అతని వైపు చూసింది. ఆమె కళ్లల్లో కోపానికి కూడా చోటు లేనంత అలసట.

"సచ్చినోడికైతే ఎంటనే ఇస్తావా బాబూ?"

ఆఫీసరు వేలిముద్ర కాగితం ముందుకు చాపాడు.

"నా ఏలిముద్ర తరవాత. ఆ సూరయ్యని సూడు. ఆ వల్లో ఉన్న అసిరమ్మ కోడల్ని సూడు. ఆలింకా బతికున్నారు. ముందు ఆలకి రాయి."

ఇన్‌స్పెక్టరు లాఠీ ఎత్తి, శవాన్ని తీయమని అరిచాడు. ఏనాడూ గొంతు పెంచని నారాయణమూర్తి ముందు వచ్చి గంగులు తల దగ్గర కూర్చున్నాడు. తర్వాత అసిరమ్మ. తర్వాత ఊరంతా. లాఠీ ఎవరి మీద దించాలో తెలియక అలాగే గాల్లో ఆగింది.

బుల్లమ్మ కూర్చున్న చోటునుంచి లేవకుండానే అంది:

"డాట్రు బయటికి రావాల. కిడ్నీ పోయిన పెతి మనిసినీ పని సెయ్యలేనోడని రాయాల. కమిటీలొద్దు, రేపు రమ్మనొద్దు. ముందు బళ్లు తెప్పించండి, మావోలని మిషనెక్కించండి. ఇప్పుడే."