నలభై రెండో ఊరు

వాట్‌గంజ్ తెలుగు బస్తీలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే డాక్టరు కోసం ఒకరు, కోదండం అయ్యవారి కోసం ఒకరు పరుగెత్తేవారు. డాక్టరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. కోదండం మాత్రం ఓడరేవు డాకులో క్రేను కింద సరుకు తగిలిస్తున్నవాడు తగిలిస్తున్నట్టే పని పక్కవాడికి అప్పజెప్పి వచ్చేసేవాడు. ఇంటికెళ్లి నాలుగు చెంబులు పోసుకుని, నుదుట నామం దిద్దుకుని, శంఖం తీసుకుని వచ్చి, పోతున్న మనిషి తల దగ్గర కూర్చునేవాడు. తులసినీళ్లు గొంతులో పోసి, చెవి దగ్గర వంగి నూట ఎనిమిది తిరుపతులూ చెప్పేవాడు.

చెప్పడమంటే పేర్లు చెప్పడమే. వెనకటికి ఆళ్వార్లు అరవంలో పాటలు కట్టిన విష్ణుస్థలాలు నూట ఎనిమిది. శ్రీరంగంతో మొదలు, పరమపదంతో ఆఖరు. శ్రీకాకుళం వైపు నుంచి డాకు పనికీ కార్పొరేషన్ పనికీ వచ్చి స్థిరపడ్డ ఆ ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. పేరు వినబడగానే ప్రాణం ఆ ఊళ్లో దిగి దండం పెట్టుకుంటుంది, తర్వాతి పేరు వినబడగానే అక్కడికి బయల్దేరుతుంది. బతికినన్నాళ్లూ హౌరాలో రైలెక్కి ఒక్క శ్రీరంగమైనా చూడలేకపోయినవాళ్లకి చావులో దొరికే యాత్ర అది. పేర్లు తెలిసిన సాతాని అయ్యవారు ఒకడుంటే చాలు.

కోదండానికి తెలిసినవి నలభై రెండే.

ఈ సంగతి ఇరవై అయిదేళ్లుగా కడుపులో దాచుకుని తిరుగుతున్నాడు. నలభై రెండూ చెప్పి, అక్కడ శంఖం గట్టిగా ఊదేవాడు. శంఖం వినగానే ఇంట్లో ఆడవాళ్ల ఏడుపులు రేగేవి. ఆ సందట్లో మళ్లీ శ్రీరంగం అందుకుని, ఈసారి గొణుగుతూ గబగబా లాగించేసేవాడు. రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టులో సగం దాటేసరికి లెక్క నూట ఎనిమిదికి వచ్చేది. అరవ పేర్లు కదా, ఎవరికి తెలుస్తుంది? అందరూ ఆయన కాళ్లకు దండం పెట్టేవారు. పెట్టినప్పుడల్లా కాళ్లు వెనక్కి లాక్కునేవాడు. ఎంత అణకువో అయ్యవారికి అనుకునేవారు జనం.

మిగిలిన అరవై ఆరూ రాకపోవడం తండ్రి తప్పు కాదు. తండ్రి గురువులయ్య ఒక్క పేరు తప్పిపోకుండా చెప్పేవాడు. పొద్దున్నే డాకుకి నడిచిపోతూ కొడుకుతో వల్లె వేయించేవాడు. చోళదేశంలో నలభై అయ్యాయి, దాన్నానుకున్న నడునాడులో రెండు అయ్యాయి. ఇక కంచి మొదలుపెట్టాలి. ఆ రోజే యూనియన్ ఊరేగింపు. కోదండానికి ఇరవై రెండేళ్లు, చేతిలో జెండా, చుట్టూ స్నేహితులు. ఎదురుగా పన్నెండు నామాలతో, చంకలో శంఖంతో గురువులయ్య వచ్చాడు.

“సాయంత్రం కంచి మొదలెడదాం, బేగి రా,” అన్నాడు.

స్నేహితులు ఆ నామాలు చూసి నవ్వారు. “ఎవరు దాదా ఈయన?” అని ఒకడు బెంగాలీలో అడిగాడు.

“మా బస్తీలో ఉంటాడులే,” అన్నాడు కోదండం, అదే బెంగాలీలో.

గురువులయ్య ముప్పై ఏళ్లుగా ఆ ఊళ్లో బతుకుతున్నవాడు. బెంగాలీ ఆయనకి బాగానే వచ్చు.

స్నేహితులను అనవలసిన పని లేదు. నవ్వినవాళ్లలో సగంమంది ఇంట్లో కాళీమాతకు దండం పెట్టుకునే వచ్చి ఉంటారు. సిగ్గుపడింది కోదండం ఒక్కడే. ఆ సాయంత్రం తండ్రి పాఠానికి పిలవలేదు, ఇతను వెళ్లలేదు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటుండగానే గురువులయ్యకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆఖరి రోజున తండ్రి చెవి దగ్గర కొడుకే కూర్చోవాల్సి వచ్చింది. నలభై రెండో పేరు చెప్పగానే గురువులయ్య కళ్లు తెరిచి కొడుకు మొహంలోకి చూశాడు, తర్వాతి పేరు కోసం. బస్తీ అంతా చుట్టూ నిలబడి ఉంది. కోదండం మళ్లీ శ్రీరంగం అన్నాడు. గురువులయ్య కళ్లు మూసుకున్నాడు.

తర్వాతైనా నేర్చుకోవచ్చు కదా అంటారు. నేర్చుకోవచ్చు. అరవవాళ్లుండే లేక్ మార్కెట్ బస్సెక్కితే అరగంట. కానీ ఒకరిని అడగడమంటే తెలియదని ఒప్పుకోవడం. ఒక్కొక్క చావు గడిచినకొద్దీ ఆ ఒప్పుకోలు ఇంకా బరువెక్కింది.

రెండువేల నాలుగు జనవరిలో ఒక ఆదివారం పొద్దున సింహాచలమ్మ కబురు పెట్టింది. ముప్పై ఏళ్లు కార్పొరేషన్ వీధులు ఊడ్చి రిటైరైన మనిషి. రెండు రోజులు గడవడం కష్టమని డాక్టరు చెప్పేశాడు. కోదండం వెళ్లి తల దగ్గర కూర్చోగానే, ఆమె కోడలు సుందరిని టీ పెట్టమని బయటికి పంపింది.

“అయ్యోరూ, మా ఆయన్ని సీరంగం ఎన్నిసార్లు తీసుకెళ్లినావు?”

కోదండం శంఖం ఒళ్లో పెట్టుకున్నాడు. సింహాచలమ్మ మొగుడు గవరయ్య పోయి ఎనిమిదేళ్లు. “ఏటత్తా?” అన్నాడు.

“మూడుసార్లు తీసుకెళ్లినావు. నాను ఆయన కాళ్లకాడే కూకుని ఇన్నాను. తిరుక్కోవలూరు దాకా తిప్పీసి, శంకం ఊదీసి, మళ్లీ మొదటికొచ్చీసినావు. మా అత్తకి మీ నాయిన సెప్పినప్పుడూ నాను ఇన్నాను. ఆయన నోట ఏ ఊరూ రెండోమారు రానేదు.”

భూమి రెండుగా చీలి లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది కోదండానికి. “ఇన్నేళ్లూ ఎవులికీ సెప్పనేదా?” అన్నాడు.

“సెప్తే? పోయినోళ్ల ఇళ్లల్లో అందరూ మళ్లీ ఏడవాల.” ఆమె ఊపిరి కూడదీసుకుంది. “సూసీసిన ఊరికి పేనం మళ్లీ ఎల్లదు, ఆయన తిరుక్కోవలూరులోనే ఆగిపోనాడు. నాను ఆయన కాడికెళ్లాల. ఆ తిరుక్కోవలూరు ఎలాటి ఊరు? ఎండా, నీడా? కూకోడానికి అరుగైనా ఉందా?”

“తెల్దత్తా.”

ఆమె ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. మొహం గోడవైపు తిప్పుకుంది.

కోదండం ఇంటికి కూడా వెళ్లకుండా అలాగే బస్సెక్కాడు. లేక్ మార్కెట్ వెనక సందులో ఒక చిన్న పెరుమాళ్ల గుడి ఉంది. ముసలి అర్చకుడు గిన్నెలు తోముకుంటున్నాడు. ఆయనకి తెలుగు రాదు, ఇతనికి అరవం రాదు. ఇద్దరు దక్షిణాదివాళ్లూ బెంగాలీలో మాట్లాడుకున్నారు. జీవితంలో మొదటిసారి కోదండం ఉన్నదున్నట్టు చెప్పాడు, తండ్రి గురించి రోడ్డు మీద అన్న మాటతో సహా.

అర్చకుడు గిన్నె పక్కన పెట్టాడు. “వచ్చినవి చెప్పు,” అన్నాడు.

చెప్పాడు.

“ఒక్క పేరు కూడా చెదరలేదు. మీ నాన్న ఎంత శ్రద్ధగా నేర్పాడయ్యా!” అన్నాడు ఆయన. కోదండానికి చెంప మీద కొట్టినట్టయింది.

అప్పుడు తిరుక్కోవలూరు గురించి అడిగాడు. అర్చకుడు చెప్పాడు. ఒక వానరాత్రి ఒక ఆళ్వారు ఆ ఊళ్లో ఇరుకైన నడవలో తలదాచుకున్నాడు. ఒక్కడు పడుకునేంత చోటు. రెండో ఆళ్వారు వచ్చి తలుపు తడితే, ఒకడు పడుకునే చోట ఇద్దరు కూర్చోవచ్చని ఇద్దరూ కూర్చున్నారు. మూడో ఆళ్వారు వస్తే, ఇద్దరు కూర్చునే చోట ముగ్గురు నిలబడవచ్చని ముగ్గురూ నిలబడ్డారు. చీకట్లో ఇంకెవరో నాలుగోవాడు వచ్చి ఒరుసుకుంటున్నట్టనిపించింది. చూస్తే సాక్షాత్తూ పెరుమాళ్లు.

తర్వాత అరవై ఆరు పేర్లూ ఆయన చెబుతుంటే కోదండం బెంగాలీ అక్షరాల్లో కాగితం మీద రాసుకున్నాడు. చదివింది బెంగాలీ బడిలో కాబట్టి చేతికి వచ్చినవి ఆ అక్షరాలే. చివరి రెండు ఊళ్లూ ఈ భూమ్మీద లేవని అర్చకుడు చెప్పాడు. కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. తలుపు మూసి, ముసలామె ఒక్కర్తికీ వినబడేలా చదివేస్తే సరిపోతుందనుకున్నాడు. ఇరవై అయిదేళ్ల అలవాటు ఒక్క పూటలో పోతుందా?

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. సింహాచలమ్మ ఇంటి ముందు చెప్పులు గుట్టపడి ఉన్నాయి. కొడుకు సూరన్న ఎదురొచ్చి, “బేగి రండయ్యోరూ, మీ కోసమే ఆగినట్టుంది,” అన్నాడు. లోపల బస్తీ సగం ఉంది. గోడవారన జగ్గమ్మ కూర్చుని ఉంది. మొన్న దసరాకే ఆమె మొగుడికి ఇతనే తిరుపతులు చెప్పాడు.

కోదండం తులసినీళ్లు పోసి, శ్రీరంగంతో మొదలుపెట్టాడు. చోళదేశం నలభై అయ్యాయి. తిరువహీంద్రపురం అయింది. తిరుక్కోవలూరు అన్నాడు. చెయ్యి దానంతటదే శంఖం మీదికి పోయింది. ఊదితే చాలు, ఏడుపులు రేగుతాయి, కాగితం జేబులోనే ఉండిపోతుంది, రేపు కూడా తను అయ్యవారే.

సింహాచలమ్మ కళ్లు తెరిచింది. గురువులయ్య చూసినట్టే చూసింది.

కోదండం శంఖం కింద పెట్టేశాడు. “అత్తా, ఇదే ఆ ఊరు,” అన్నాడు. “వొట్టి ఇరుకు. వాన పడతాది. అయితే లోపల ఇద్దరు కూకోడానికి సోటుంది.”

ఆమె పెదాలు కదిలాయి. “ఉన్నాడా?”

“ఉన్నాడు. నీ కోసమే కూకున్నాడు.”

అప్పుడు కాగితం బయటికి తీశాడు. మడతలు విప్పుతుంటే ఆ చప్పుడు గదంతా వినబడింది. నామం కింద చెమట కారింది. జగ్గమ్మే అడిగింది.

“ఆ కాయితం ఏటయ్యోరూ? ఎప్పుడూ నోటికే సెప్తారు గదా?”

“నోటికి ఇక్కడిదాకే వచ్చమ్మా,” అన్నాడు కోదండం, తల ఎత్తకుండా. “మా నాయిన దగ్గిర ఇక్కడిదాకే నేర్సుకున్నాను. ఆ తరవాతవి నాకు తెల్దు. ఎప్పుడూ తెల్దు.”

“మరి మా ఆయనకి?”

కోదండం కాగితంలో మొదటి పేరు మీద వేలు పెట్టాడు. జగ్గమ్మకి అర్థమైంది, సూరన్నకి అర్థమైంది, గుమ్మంలో నిలబడ్డ వాళ్లు వెనకవాళ్లకి చెప్పుకున్నారు. ఆ ఇరుకు నడవలో వానకి తడుస్తూ, కూర్చోవడానికి కూడా చోటు లేక ఒకరినొకరు ఒరుసుకుని ఎంతమంది నిలబడి ఉన్నారో ఇంటింటికీ తెలిసిపోయింది. కోదండానికి ఏడుపొచ్చింది. ఏడవడానికి తనకి అర్హత లేదనిపించి ఆపుకున్నాడు. కాగితం మీదికి వంగి, ఎప్పటిలా గొణుగుతూ కంచి పేరు ఎత్తుకున్నాడు.

సింహాచలమ్మ చెయ్యి జరిపి అతని మణికట్టు పట్టుకుంది. పట్టులో బలం లేదు.

“గట్టిగా సెప్పు,” అంది. “ఆడున్నది మా ఆయనొక్కడే కాదు. మీ నాయిన అందరికన్నా ముందునుంచీ ఆడే ఉన్నాడు.”

జగ్గమ్మ లేచి వెళ్లిపోతుందనుకున్నాడు. ఆమె జరిగి, కొంగు సర్దుకుని, మంచం పక్కనే కూర్చుంది.

కోదండం గొంతు సవరించుకుని, మళ్లీ కంచి నుంచి, వీధి చివరిదాకా వినబడేలా చదవడం మొదలుపెట్టాడు.