కొత్త రంగు కింద

యార్క్‌షైర్‌లో ముప్పై ఏళ్లు బస్సులు బాగుచేసి రిటైరైన బెరిల్‌కి, తండ్రి వదిలిపోయిన 1958 నాటి కారు మూడు వారాలుగా లొంగడం లేదు. ఇంజన్ నడుస్తున్నా స్టీరింగ్ ముందున్న ఎర్రదీపం ఆరడం లేదు. అంటే బ్యాటరీకి చార్జింగ్ ఎక్కడం లేదన్నమాట. బెరిల్ బ్యాటరీ మార్చింది, డైనమో బ్రష్‌లు మార్చింది. ఏం లాభం లేకపోయింది.

ఆదివారం మధ్యాహ్నం చెల్లెలు ఈనిడ్ టీ పట్టుకుని షెడ్డులోకి వచ్చింది.

"ఇంకా దానితో కుస్తీయేనా అక్కా?"

"డైనమోలో కరెంటు బాగానే పుడుతోందే. ఈ రెగ్యులేటర్ డబ్బా దాటి బ్యాటరీకి పోవట్లేదు."

అంటూనే బెరిల్ ఒక వైరు ముక్క తీసి, ఒక కొస డబ్బా రేకుకీ, రెండో కొస నడుస్తున్న ఇంజన్‌కీ ఆనించింది. ఎర్రదీపం టక్కున ఆరిపోయింది. డబ్బా రేకు కారు ఇనుముకి సరిగా తగలక ఎర్త్ అందడం లేదని తేలిపోయింది. ఇంజన్ ఆపి మరలు విప్పితే, డబ్బా వెనకాల నిగనిగలాడే ఆకుపచ్చ రంగు మందంగా కనిపించింది.

"ఇక్కడ రంగెవరు వేశారే?"

ఈనిడ్ నాలుక కరుచుకుంది. "నేనే. నాన్న కారు కదా, లోపల కూడా ముద్దుగా ఉండాలని డబ్బా ఊడదీసి మరీ రెండు పూతలు వేశా."

"రెండా! నాలుగేసినట్టున్నావ్! రంగులోంచి కరెంటు పోదే!"

బెరిల్ తిట్టబోయి నవ్వేసింది. మరలు కూర్చునే చోట గరుకు కాగితంతో రుద్ది, ఇనుము మెరిశాక డబ్బా బిగించింది. ఈసారి ఇంజన్ అందుకోగానే దీపం ఆరింది.

"మిగతా రంగు గీకేస్తావా?" అని ఈనిడ్ బెంగగా అడిగింది.

"ఎందుకే, బాగుంది. ఉండనీ."

ఆ సాయంత్రం అక్కచెల్లెళ్లిద్దరూ సముద్రం దాకా వెళ్లి, కార్లోనే కూర్చుని వేడివేడి చేపల వేపుడు తిన్నారు.